ఇరవై గీత దాకా

లెక్కలంటే భయపడి ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నాను. ఆ లెక్కలే వెంటపడి నర్సింగ్ కాలేజీ దాకా వచ్చాయి. కప్పలనీ బొద్దింకలనీ బతిమాలుకుని ఎలాగో గట్టెక్కితే, మొదటి ఏడాదే లీదియా మేడమ్ బోర్డు నిండా మందుల మోతాదు లెక్కలు రాసి, "ఇవి రాకపోతే మిమ్మల్ని వార్డు గడప తొక్కనివ్వను" అన్నారు. పెనం మీది నుంచి పొయ్యిలో పడటమంటే ఏమిటో ఆ రోజు నాకు తెలిసింది.

మేడమ్‌ది గుంటూరు వైపు. మాట మెత్తన, పెన్ను మాత్రం కత్తి. లెక్క తప్పు చేస్తే ఆవిడ సున్నా వేయరు. ఎర్ర సిరాతో "రోగి పోయాడు" అని రాస్తారు. మొదటి పరీక్షలో నా పేపర్లో పద్నాలుగు మంది పోయారు. రెండో పరీక్షలో పదిహేను మంది. అందులో ఒక పసివాడికి అయిదు ఎమ్మెల్ సిరప్ ఇవ్వాల్సింది యాభై తాగించాను. మా క్లాసు వాళ్లు నన్ను చూసి "యమధర్మరాజు గారి మరదలు వచ్చింది" అని ఏడిపించేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. కాగితం మీద చచ్చినవాళ్లు కదా, వాళ్లకు ఏడ్చేవాళ్లు ఉండరు.

"మూడు ప్రశ్నలమ్మా," అనేవారు మేడమ్ ప్రతి క్లాసులో. "ఎంత ఇవ్వాలి? చేతిలో ఉన్నది ఎంత బలమైన మందు? అది ఎన్ని ఎమ్మెల్‌లో ఉంది? ఈ మూడూ అడక్కుండా సిరంజి పట్టుకున్న పిల్లని నేను నర్సు అననుగాక అనను." నాకు మూడు ప్రశ్నలూ నోటికి వచ్చేవి. జవాబులే వచ్చేవి కావు. భాగించాలో గుణించాలో తెలియక పెన్ను మూత కొరుకుతూ కూర్చునేదాన్ని.

కాలేజీలో నా బతుకు ఇది. ఇంట్లో మాత్రం నేను పెద్ద నర్సుని.

మాది మెదక్ వైపు. పట్నం పక్క నార్సింగికి వచ్చి పదేళ్లు దాటింది. మా అమ్మ చంద్రమ్మ ఒక అపార్ట్‌మెంట్‌లో మెట్లూ వరండాలూ ఊడ్చి తుడిచే పని చేస్తుంది. మా బాపు తిరుపతి మాదాపూర్‌లో అద్దాల భవనం ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. పన్నెండు గంటల డ్యూటీ, పన్నెండు గంటలూ నిలబడే ఉండాలి. కూర్చుంటే కెమెరాలో కనబడుతుంది, సూపర్‌వైజర్ ఫోన్ వస్తుంది. బాపుకు ఆరేళ్లుగా షుగరు. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్, పూటకు ఇరవై యూనిట్లు. సర్కారు దవాఖానలో సీసాలు ఉచితంగా ఇస్తారు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి సీసాను నీళ్ల కుండ పక్కన తడిగుడ్డలో చుట్టి పెడతాం.

నేను కాలేజీలో చేరేదాకా ఆ ఇంజెక్షన్ అమ్మే వేసేది. ఆమెకు చదువు రాదు. సిరంజి మీద ఇరవై దగ్గర ఎవరో పెన్నుతో గుర్తు పెట్టి చూపిస్తే, ఆ గుర్తు దాకా లాగి వేయడం నేర్చుకుంది. నేను తెల్ల కోటు వేసుకుని ఫొటో దిగిన మర్నాడే బాపు ప్రకటించాడు.

"ఇగ నాకు సూది నా బిడ్డనే ఎయ్యాలె. ఇంట్ల నర్సమ్మ ఉండంగ నీతోని ఎందుకే?"

"మంచిగైంది. నా పానం సుఖపడ్డది," అంది అమ్మ.

ఆ ఆదివారమే నేను సిరంజీలు కొనడానికి మాదాపూర్‌లో మెట్రో కింద ఉన్న పెద్ద మెడికల్ షాపుకు వెళ్లాను. మా గల్లీ షాపులో అమ్మేవి మొద్దుసూదులనీ, బాపుకు పొట్ట మీద నల్లగా కమిలిపోతోందనీ నా బాధ. సన్న సూది కావాలని అడిగాను. షాపతను రెండు పెట్టెలు బయటకు తీసి, "నలభయ్యా, వందా?" అన్నాడు.

తేడా ఏమిటని ఒక్క మాట అడిగితే సరిపోయేది. మెడలో కాలేజీ ఐడీ కార్డు వేలాడుతోంది. నర్సింగ్ చదివే పిల్ల ఆ మాట అడిగితే పరువేం కాను? నలభై కన్నా వంద మంచిదే అయ్యుంటుంది అనుకున్నాను.

"వంద," అన్నాను.

ఇంటికి తెస్తే అమ్మ మూత చూసి, "మనది ఎర్ర మూతది గద, గిదేంది నారింజ రంగున్నది?" అంది. "ఇది మంచిదే అమ్మా, సాఫ్ట్‌వేర్ వాళ్లు వాడేది," అన్నాను. ఇరవై అంకె ఉన్న గీత దాకా మందు లాగి వేశాను. బాపు పొట్ట తడుముకుని, "ఏసినవా? ఎర్కనే కాలే!" అని మురిసిపోయాడు. మా వరసలో ఉన్న నాలుగు గదుల వాళ్లకూ చెప్పుకున్నాడు.

పది రోజులకు అయిపోయే సీసా ఆ నెల ఇరవై అయిదు రోజులు వచ్చింది. దవాఖాన లైన్లో నెలకు మూడుసార్లు నిలబడే పని తప్పింది. ఎందుకలా వచ్చిందని మాలో ఎవరికీ అనుమానం కలగలేదు. అమ్మ ఇన్నాళ్లూ సగం మందు నేల పాలు చేసిందేమో అనుకున్నాను నేను. అమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది.

"నా బిడ్డ చేతిల బర్కత్ ఉన్నది," అంది.

చలికాలం వచ్చేసరికి బాపు కుడికాలి చిటికెన వేలి పక్కన పుండు లేచింది. సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు ఇచ్చిన బూట్లు ఒక సైజు చిన్నవి. మొదట బొబ్బ అనుకున్నాం. అది పగిలింది, నల్లబడింది, పక్క వేలికి పాకింది. దవాఖానలో డాక్టరు కాలు చూసి, షుగరు చూసి ఉలిక్కిపడ్డాడు. నాలుగు వందలు దాటి ఉంది.

"షుగర్ దిగితే పుండు మానుతుంది. దిగకపోతే వేళ్లు తీసెయ్యాల్సి వస్తది," అన్నాడు. వేళ్లు లేనివాణ్ణి ఏ ఏజెన్సీ గేటు దగ్గర నిలబెడుతుంది? బాపు నావైపు చూశాడు. నేనున్నానుగా అన్నట్టు తల ఊపాను.

"ఇన్సులిన్ సరిగ్గా వేస్తున్నారా?" అని డాక్టరు అడిగాడు.

"నేనే వేస్తున్నాను సార్. నర్సింగ్ స్టూడెంట్‌ని."

ఆ మాటతో ఆయనకు నా మీద అనుమానం పోయింది. బయట లైన్లో ఇంకా నూరు మంది ఉన్నారు. సిరంజి ఏదమ్మా, తెచ్చి చూపించు అనే తీరిక ఎవరికుంది? "అయితే లోపం నోటి దగ్గరున్నది. ఏం తింటున్నవ్ పెద్దమనిషీ?" అని బాపును గద్దించి, మోతాదు ఇరవై నుంచి ముప్పైకి పెంచి, చీటీ మీద ఇంగ్లీషులో ఇంకో లైను రాశాడు. రోగి ఆహార నియమాలు పాటించడం లేదు అని. ఆ లైను బయటకు వచ్చి బాపుకు చదివి వినిపించింది నేనే.

"నేనేం తింటలేను బిడ్డా," అన్నాడు బాపు.

"మరి ఎట్ల పెరిగింది? గాలికా?"

ఆ రోజు నుంచి నేను ఇంట్లో పోలీసునయ్యాను. అన్నం మాన్పించాను. పూటకు ఒకటిన్నర జొన్నరొట్టె, ఆకుకూర, పొద్దున్నే కాకరకాయ రసం. చాయ్‌లో చక్కెర మానేసి ఆరేళ్లయింది, ఇప్పుడు చాయే మాన్పించాను. అయినా షుగరు దిగలేదు. ఆకలి ఎక్కువైంది, దాహం ఎక్కువైంది, మనిషి చిక్కిపోతున్నాడు. షుగరు ఎక్కువైతే ఇవన్నీ ఉంటాయని పుస్తకంలో చదివాను. దొంగతిండి తింటున్నాడనడానికి అవే సాక్ష్యాలుగా పట్టుకున్నాను. ఆయన పనిచేసే కంపెనీలో రోజుకొకరి పుట్టినరోజు. మిగిలిన కేకు గేటు దగ్గర గార్డులకు ఇస్తారు. ఒకరోజు ఆయన టిఫిన్ బాక్సు కడుగుదామని తీస్తే అందులో కాగితంలో చుట్టిన చాక్లెట్ కేకు ముక్క ఉంది.

"గిదేంది?" అన్నాను.

"నీకోసమే తెచ్చిన. నీకు ఇష్టం గదా అని. నేను ముట్టలే. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్లు పెట్టకు. నీ కాలు ఎందుకు కుళ్లుతున్నదో సోయి ఉన్నదా?" అని అరిచి, ఆ ముక్కను తీసుకెళ్లి మోరీలో పడేశాను. బాపు ఆ బాక్సు తనే కడుక్కున్నాడు. ఆ రాత్రి రొట్టె కూడా సగమే తిన్నాడు. నేను దాన్ని పశ్చాత్తాపం అనుకున్నాను.

మోతాదు ముప్పై నుంచి ముప్పై ఆరైంది. పుండు మానలేదు. ఏం చేసినా ఆగకపోతే మనిషికి ఎంత కోపం వస్తుందో, ఆ కోపం ఎంత చేతకానితనమో ఆ నాలుగు నెలల్లో తెలిసింది. కాలేజీలో లెక్క తేలదు, ఇంట్లో పుండు మానదు. రెండుచోట్లా ఎర్ర సిరానే.

చివరకు సోమవారం పొద్దున, ఇంట్లో నేను సూది వేశాక, బాపును దవాఖానలో చేర్చుకున్నారు. మర్నాడు ఆపరేషన్, రెండు వేళ్లు తీయాలి. మంచం దొరికేసరికి ఒంటిగంట దాటింది. నేను ఉంటానంటే బాపు ఒప్పుకోలేదు.

"ఈడ నీకేం పని? అమ్మ ఉన్నది, సిస్టర్లు ఉన్నరు. నువ్వు కాలేజికి పో. లెక్కల క్లాసు పోతే మల్ల నీకు పరేషాన్."

వెళ్లాను. మియాపూర్ దాటి కాలేజీకి చేరేసరికి ఆఖరి క్లాసు మొదలవుతోంది. ఫోన్లు ఆఫీసులో పెట్టెలో వేసి లోపలికి పోవాలి. మా క్లాసులో ఇన్సులిన్ పాఠం అదే మొదటిసారి. లీదియా మేడమ్ టేబుల్ మీద ఒక సీసా, రెండు సిరంజీలు పెట్టారు. ఒకదానికి ఎర్ర మూత. ఇంకోదానికి నారింజ మూత.

"ఈ సీసా నలభై బలానిది," అన్నారు మేడమ్. "అంటే ఒక ఎమ్మెల్‌లో నలభై యూనిట్లు. దీనికి ఎర్ర మూత సిరంజి. ఈ నారింజ మూతది వంద బలం సీసాకు. అందులో ఒక ఎమ్మెల్‌ను వంద గీతలుగా పంచారు. ఇప్పుడు లెక్క. రోగికి ఇరవై యూనిట్లు ఇవ్వాలి. సీసా నలభైది. మీ దగ్గర వంద సిరంజే ఉంది. ఏ గీత దాకా లాగుతారు?"

"ఇరవై," అని క్లాసంతా ఒక్కసారే అరిచింది.

నేను అరవలేదు. నా కళ్లముందు కుండ పక్కన తడిగుడ్డలోని సీసా ఉంది. దాని మీద నలభై అని ఉంటుంది. రోజూ చూస్తాను. ఒక ఎమ్మెల్‌లో నలభై. ఇరవై కావాలంటే అర ఎమ్మెల్. ఆ సిరంజిలో అర ఎమ్మెల్ అంటే యాభయ్యో గీత. నేను పెన్ను కూడా తీయలేదు.

"యాభై మేడమ్," అన్నాను.

మేడమ్ కళ్లజోడు సర్దుకుని చూశారు. "నవనీతా? నువ్వేనా? లేచి చెప్పమ్మా. మరి ఇందాక వీళ్లందరూ అన్నట్టు ఇరవై గీత దాకానే లాగితే ఎంత వెళ్తుంది?"

"ఎనిమిది."

"ముప్పై గీత దాకా?"

"పన్నెండు."

"ముప్పై ఆరు?"

"పద్నాలుగు మేడమ్. పద్నాలుగూ పాయింట్ నాలుగు."

"శభాష్!" అన్నారు మేడమ్. ఏడాదిలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. "చూశారా, బుర్ర పెడితే ఎందుకు రాదు? సరే, ఇరవై వెళ్లాల్సిన చోట రోజూ ఎనిమిదే వెళ్తే రోగికి ఏమవుతుంది?"

"కాలి వేళ్లు తీసేస్తారు మేడమ్."

క్లాసు గొల్లున నవ్వింది. అప్పుడే ఇంకో లెక్క తట్టింది. కేస్ షీట్‌లో ముప్పై ఆరు అని ఉంది. వార్డు సిస్టర్లకు ఎర్ర మూత సిరంజి తెలుసు. సాయంత్రం భోజనానికి ముందు వాళ్లు సరైన సిరంజితో నిజమైన ముప్పై ఆరు వేస్తారు. నాలుగు నెలలుగా పద్నాలుగు దాటని మనిషికి, పూటకు ఒకటిన్నర రొట్టె తినే మనిషికి. షుగరు పాతాళానికి పడిపోతుంది, ప్రాణానికే ముప్పు.

మేడమ్‌కు నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది. ఆవిడే ఆఫీసు దాకా వచ్చి పెట్టె తెరిపించి నా ఫోన్ తీసిచ్చారు.

"అమ్మా, సూది ఏసిండ్రా?"

"ఇంకా లేదు. అన్నం బండి వచ్చే ముంగట ఏస్తమన్నరు."

"ఎయ్యనియ్యకు. నేనొచ్చేదాంక ఎయ్యనియ్యకు."

"నేనెట్ల ఆపుత బిడ్డా? నా మాట ఎవరింటరు ఈడ?"

నిజమే. ఎవరు వింటారు? సిస్టర్‌కు ఫోన్ ఇమ్మంటే, ఆమె తీసుకోలేదని అమ్మ చెప్పింది. వార్డు నంబరు ఉంది గానీ అక్కడి ఫోన్ నంబరు నా దగ్గర లేదు. ఆటో ఎక్కాను. ఫ్లైఓవర్ మొదట్లోనే ఆగిపోయింది. ఆఫీసులు వదిలే వేళ, ముందు కార్లు, వెనక కార్లు, ఒక్కో కారులో ఒక్కో మనిషి. డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఫికర్ చెయ్యకమ్మా, పోతం" అన్నాడు. పోలేదు. నేను దిగి పరుగెత్తాను. ఏడుస్తూ పరుగెత్తే పిల్లను చూసి ఎవరో బైకు ఆపి, ఏమైందని కూడా అడగకుండా ఎక్కించుకుని దవాఖాన గేటు దగ్గర దించారు.

వార్డులోకి వెళ్లేసరికి సిస్టర్ ఎర్ర మూత తీసి మందు లాగుతోంది. అమ్మ ఆమె కొంగు పట్టుకుని ఆపుతోంది. సిస్టర్ విసుక్కుంటోంది.

"వద్దు సిస్టర్! అది తప్పు మోతాదు!"

డాక్టరు వచ్చాడు. సిరంజి సంగతి మొత్తం చెప్పాను. ఆయన కేస్ షీటు తిరగేశాడు.

"ఇన్ని రోజులూ వేసింది ఎవరు?"

"నేనే సార్."

ఆయన తిట్టలేదు. ముప్పై ఆరును కొట్టేసి ఇరవై అని రాశాడు. రెండు గంటలకోసారి షుగరు చూడమని సిస్టర్‌కు చెప్పాడు. "వేళ్లు?" అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. అవి అప్పటికే చచ్చిపోయాయి, వాటిని ఏ లెక్కా వెనక్కి తేలేదు.

"సార్, చీటీలోంచి ఇందులోకి ఎక్కించిన ఆ పై లైను కూడా కొట్టెయ్యండి. ఆహార నియమాలు పాటించడం లేదన్నది."

"ఇప్పుడు దాంతో పనేముందమ్మా," అని ఆయన షీటు మూసి పక్క మంచానికి వెళ్లిపోయాడు.

సిస్టర్ ఇరవై వేసి, అరగంటలో తిండి పెట్టమని చెప్పి వెళ్లింది. నేను బాపు మంచం అంచున కూర్చుని చెప్పాను. షాపులో వంద అన్నది, ఇరవై అనుకున్నది ఎనిమిదైంది, సీసా ఎక్కువ రోజులు వచ్చింది అందుకే అన్నది, అన్నీ చెప్పాను. "నీ వేళ్లు నా చేతులతోనే పోతున్నయి బాపూ," అన్నాను. తిడతాడని చూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

బాపు పైకప్పు వంక చూస్తూ ఆలోచించాడు.

"అంటే, నేను తినకున్నా షుగర్ పెరిగిందన్నట్టా?"

"అవ్ బాపూ."

"నేనేం దొంగతనంగ తినలే."

"తినలే."

"ఆ కేకు గూడ తినలే."

"తినలే బాపూ. నీకోసం కాదు, నాకోసమే తెచ్చినవ్."

ఆయన మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. కోర్టులో కేసు గెలిచినవాడి ముఖం.

"ఏమే, ఇన్నవా? నేను అబద్ధం జెప్పలే. నర్సమ్మనే జెప్తాంది," అన్నాడు అమ్మతో. పక్క మంచం ముసలాయనకు కూడా చెప్పాడు. "నాలుగు నెలల సంది నన్ను దొంగను జేసిండ్రు అన్నా. నేను ముట్టలే." బాపు కాలు దిండు మీద కట్టుతో ఉంది. దాని వంక ఒక్కసారి కూడా చూడలేదు. అమ్మ గోడవైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. క్షమించమని అడగడానికి బదులు నేను ఆ కాలి కింద దిండు సర్దాను.

వార్డు బండి వచ్చింది. స్టీలు పళ్లెంలో వేడి అన్నం, పప్పు. అమ్మ ఎప్పటిలాగే పళ్లెం పక్కకు జరిపి సంచిలోంచి జొన్నరొట్టె తీసింది. బాపు పళ్లెం మీద చెయ్యి వేసి ఆపాడు.

"నాలుగు నెలలాయె అన్నం మొకం జూడక. ఇయ్యాల జర తినొచ్చా బిడ్డా?"

తల ఊపాను.

"ఎంత తినాల్నో నువ్వే లెక్క జూసి చెప్పు. నువ్వు ఎంతంటే గంతే తింట."

బాపు వేళ్లు పళ్లెం అంచు మీద ఉన్నాయి. అన్నం ముట్టకుండా, ఏ అనుమానమూ లేకుండా, నేను చెప్పే లెక్క కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.